బడి కమిటీ: ఎన్నుకునే హక్కు ఉంది, దించే హక్కు?

రాజమహేంద్రవరానికి ఎగువన, గోదావరి డెల్టా అంచు దాటి మెట్ట మొదలయ్యే చోట, లక్ష్మీనరసింహస్వామి కొండ చుట్టూ విస్తరించిన కోరుకొండ మండలంలో ప్రతి ప్రభుత్వ బడికీ ఎన్నికైన ఒక సంఘం ఉంటుంది. చట్టంలో దాని పేరు పాఠశాల యాజమాన్య కమిటీ. ఊళ్లలో పేరెంట్స్ కమిటీ అనో, బడి కమిటీ అనో అంటారు. అందులో కూర్చునేవారిలో అత్యధికులు ఆ బడిలో చదువుతున్న పిల్లల తల్లులు, తండ్రులు. వారిని ఎన్నుకునేవారు కూడా అదే బడి పిల్లల తల్లులు, తండ్రులు. ఎవరిని ఎన్నుకోవాలో, ఏ తరగతి నుంచి ఎందరిని ఎన్నుకోవాలో, అందులో ఎందరు మహిళలుండాలో చెప్పటానికి నిబంధనలున్నాయి. ఎన్నికైనవారు సమావేశాలకు రాకపోయినా, లెక్కలు చూపకపోయినా, పిల్లల మాట వదిలేసి పార్టీ మాట పట్టుకున్నా, వారిని గడువులోగా దించే అధికారాన్ని మాత్రం విద్యాహక్కు చట్టం తల్లిదండ్రుల చేతికి ఇవ్వలేదు.

ఎన్నుకున్న ప్రతినిధిని అతని పదవీకాలం ముగియకముందే, ఎన్నుకున్నవారే ఓటు వేసి తొలగించటాన్ని రీకాల్ అంటారు. న్యాయస్థానం తీర్పుతోనో, కలెక్టరు ఉత్తర్వుతోనో పదవి పోవటం రీకాల్ కాదు. మండల పరిషత్తు అధ్యక్షుడిపై తోటి సభ్యులు అవిశ్వాస తీర్మానం పెట్టి దించటం కూడా రీకాల్ కాదు, ఎందుకంటే అక్కడ ఓటు వేసేది సభ్యులే తప్ప జనం కాదు. అమెరికాలో స్కూలు బోర్డుల సభ్యులపై తల్లిదండ్రులు ఈ ఆయుధాన్ని ప్రయోగించటం, ముఖ్యంగా కరోనా తరువాతి కాలంలో, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఇంటి ముంగిట రాజకీయంగా మారింది. అదే ఆయుధం గోదావరి జిల్లాల బడికి ఎందుకు అందలేదో తెలియాలంటే, ఇక్కడ బడి కోసమే ఎన్నికైన మనిషి అనేవాడు ఎంత ఆలస్యంగా పుట్టాడో ముందుగా చూడాలి.

కోరుకొండ అనగానే చాలామందికి సైనిక్ స్కూలు గుర్తుకు వస్తుంది గాని, 1962లో మొదలైన ఆ బడి ఉన్నది విజయనగరం జిల్లాలోని మరో కోరుకొండలో. రక్షణ మంత్రిత్వ శాఖ పరిధిలోని సొసైటీ నడిపే ఆ సంస్థకూ ఇక్కడ చర్చకు వచ్చే ఎన్నికలకూ సంబంధం లేదు. తూర్పు గోదావరి కోరుకొండలోని బడుల వంశవృక్షం వేరు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1884 నాటి స్థానిక బోర్డుల చట్టం జిల్లా బోర్డులను, తాలూకా బోర్డులను ఏర్పరచి, రోడ్లు, సత్రాలు, ఆసుపత్రులతో పాటు బడులను కూడా వాటి చేతిలో పెట్టింది. నేటి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చాలావాటిని పాతతరం వారు ఇప్పటికీ బోర్డు హైస్కూలు అనటానికి కారణం ఇదే. అయితే ఆ బోర్డులో సభ్యుడు బడి కోసం ఎన్నికైనవాడు కాదు. రోడ్డు కాంట్రాక్టుతో, వంతెన మరమ్మతుతో పాటు బడి కూడా అతని చేతికి వచ్చింది, అంతే. ఓటు హక్కు కూడా పన్ను కట్టగలిగిన ఆస్తిపరులకే పరిమితం కావటంతో, పిల్లవాణ్ణి బడికి పంపే కూలి తండ్రికి ఆ బోర్డుతో ఓటు సంబంధమే ఉండేది కాదు. 1934లో తాలూకా బోర్డులు రద్దయ్యాయి. 1959లో పంచాయతీరాజ్ వ్యవస్థ రావటంతో జిల్లా బోర్డుల స్థానంలో జిల్లా పరిషత్తులు వచ్చాయి. ఓటు అందరికీ వచ్చింది గాని, బడి మళ్లీ రోడ్డుతో, మంచినీటి పథకంతో కలిసే ఉండిపోయింది.

అమెరికా పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ స్కూలు డిస్ట్రిక్టు అనేది నగర పాలక సంస్థ నుంచి వేరుగా ఉండే స్థానిక ప్రభుత్వం. చాలాచోట్ల దానికి సొంత పన్ను ఆదాయం, సొంత బడ్జెట్, సొంత ఎన్నిక ఉంటాయి. బోర్డు సభ్యుడు బడుల కోసమే ఎన్నికవుతాడు, సూపరింటెండెంటును నియమించేది, ఏ బడిని మూయాలో, ఏ బడిలో ప్రవేశాలు ఎలా ఉండాలో తేల్చేది ఆ బోర్డే. కాబట్టి కోపం వచ్చిన తల్లిదండ్రులకు ఎవరి తలుపు తట్టాలో తెలుసు.

ఆంధ్రప్రదేశ్‌లో బడి కోసమే తల్లిదండ్రులు ఎన్నుకునే సంఘం అనే ఆలోచనకు మొదటి చట్టరూపం 1998లో వచ్చింది. ఉమ్మడి రాష్ట్రం ఆ సంవత్సరం చేసిన పాఠశాల విద్యలో ప్రజా భాగస్వామ్య చట్టం ప్రకారం తల్లిదండ్రులతో పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. తరువాత 2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల చదువును ప్రాథమిక హక్కుగా చేయగా, దానిని అమలు చేసే విద్యాహక్కు చట్టం 2009లో పార్లమెంటు ఆమోదం పొంది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టంలోని 21వ సెక్షను ప్రకారం, ప్రభుత్వ సహాయం పొందని ప్రైవేటు బడులు తప్ప మిగిలిన ప్రతి బడిలో యాజమాన్య కమిటీ ఉండి తీరాలి. అందులో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. ఎస్సీ, ఎస్టీ తదితర వర్గాలకు చెందిన పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగిన చోటు దక్కాలి. బడి పనితీరును గమనించటం, 22వ సెక్షను చెప్పినట్లు పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారు చేయటం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చవుతున్నదో చూడటం ఈ కమిటీ విధులు. 2012 సవరణ తరువాత మైనారిటీ సంస్థలు నడిపే బడుల్లోనూ, మిగిలిన ఎయిడెడ్ బడుల్లోనూ ఈ కమిటీ సలహాకే పరిమితమైంది. ఫీజు కట్టి పిల్లల్ని ప్రైవేటు బడికి పంపే కుటుంబాలకు, అంటే పట్టణాల్లోని పెద్ద భాగానికి, ఈ ఎన్నికే లేదు. వారికి మిగిలిన ఏకైక ఓటు పిల్లవాణ్ణి ఆ బడి మాన్పించి మరో బడిలో చేర్చటం.

రాష్ట్ర నియమావళి ఈ చట్రాన్ని తరగతి స్థాయికి దించింది. ఒక్కో తరగతి పిల్లల తల్లిదండ్రులు తమలో నుంచి ముగ్గురిని ఎన్నుకుంటారు, అందువల్ల ఐదు తరగతులున్న ప్రాథమిక పాఠశాలకు పదిహేను మంది తల్లిదండ్రులు సభ్యులవుతారు. వారు తమలో నుంచి చైర్మన్‌ను, వైస్ చైర్మన్‌ను ఎన్నుకుంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ అయి ఉండాలి, ఒకరైనా వెనుకబాటుకు గురైన వర్గాల పిల్లల తల్లిదండ్రులై ఉండాలి. ప్రధానోపాధ్యాయుడు సభ్య కన్వీనరు. వార్డు సభ్యుడు, అంగన్‌వాడీ కార్యకర్త, ఆరోగ్య కార్యకర్త వంటి వారు హోదా రీత్యా సభ్యులు. కమిటీ గడువు రెండేళ్లు. బిడ్డ ఆ బడి విడిచిపెడితే తల్లి లేదా తండ్రి సభ్యత్వం కూడా దానితోనే ముగుస్తుంది. నిజానికి నియమావళి ఊహించిన తొలగింపు ఏదైనా ఉందంటే అది ఇదొక్కటే, పైగా అది పనితీరుకు శిక్ష కాదు, బిడ్డ ఎదుగుదలకు ఫలితం.

రీకాల్ లేకపోయినా రెండేళ్లకోసారి ఎన్నిక వస్తుంది గదా, పనికిరానివారిని అప్పుడు మార్చుకోవచ్చు గదా అనే వాదనలో బలం ఉంది. నగరపాలక సంస్థకు ఐదేళ్లు, శాసనసభకు ఐదేళ్లు ఉన్న దేశంలో రెండేళ్ల గడువే ఒక రకమైన రీకాల్. ఆ గడువు గడువుగా నిలిచినప్పుడే ఈ వాదన నిలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 సెప్టెంబరులో, తరువాత 2021 సెప్టెంబరులో ఈ ఎన్నికలు జరిగాయి. ఆ లెక్కన 2023లో జరగవలసినవి 2024 ఆగస్టు 8న గాని జరగలేదు. అంటే 2021లో ఎన్నికైన కమిటీ దాదాపు మూడేళ్లు కొనసాగింది. ప్రాథమిక బడిలో చదువు ఐదేళ్లే అయిన చోట మూడేళ్లంటే ఒక బిడ్డ ప్రాథమిక చదువులో సగానికి పైగా భాగం.

డెల్టా రైతులకు ఈ లోటు మరింత వింతగా కనిపించాలి, ఎందుకంటే కాలువ నీటి విషయంలో అదే రాష్ట్రం, బడి చట్టానికి ఒక్క సంవత్సరం ముందు, వేరే దారి తొక్కింది. 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం కాలువల నిర్వహణలో రైతులకు భాగం ఇస్తూ నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. ఆ ఏడాది జూన్‌లో ఉమ్మడి రాష్ట్రమంతటా 10,292 సంఘాలకు ఎన్నికలు జరిగాయి. ధవళేశ్వరం ఆనకట్ట కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలన్నీ ఈ వలలోకి వచ్చాయి. ఆ చట్టంలో రీకాల్‌కు ప్రత్యేకంగా ఒక సెక్షను ఉంది. నీటి సంఘం అధ్యక్షుణ్ణి గాని, పాలక వర్గ సభ్యుణ్ణి గాని, డిస్ట్రిబ్యూటరీ కమిటీ చైర్మన్‌ను గాని వెనక్కి పిలవాలనుకుంటే, ఓటు హక్కున్న సభ్యుల్లో మూడో వంతుకు తక్కువ కాకుండా సంతకాలు చేసి నోటీసు ఇవ్వవచ్చు. పదవి చేపట్టిన తొలి ఏడాదిలోగా ఆ నోటీసు చెల్లదు. ఆ పనికే పిలిచిన సర్వసభ్య సమావేశంలో హాజరై ఓటు వేసినవారిలో మెజారిటీ తీర్మానాన్ని బలపరిస్తే ఆ వ్యక్తి పదవి పోతుంది. తరువాతి సవరణలు సంఘాల నిర్మాణాన్ని చాలా మార్చాయి, ఎన్నికలు క్రమం తప్పాయి, చాలా ఏళ్ల తరువాత 2024 డిసెంబరులో మళ్లీ జరిగాయి. అయినా మూల చట్టం రాసినవారి మనసులో ఉన్న ఊహ మాత్రం స్పష్టం: నీరు వంతుల వారీగా పంచే మనిషి పక్షపాతం చూపితే, పంట ఎండిపోయేలోగా అతణ్ణి మార్చే దారి రైతుకు ఉండాలి.

దీని ఫలితంగా ఒకే మనిషికి రెండు రకాల పౌరసత్వాలు ఏర్పడ్డాయి. ఎకరం భూమి ఉన్న తండ్రి రైతుగా తన నీటి సంఘం అధ్యక్షుణ్ణి ప్రశ్నించి దించవచ్చునని ఆ చట్టం భావించింది. అదే తండ్రి పిల్లవాడి బడి కమిటీ చైర్మన్‌ను మాత్రం గడువు దాకా భరించాలి. భూమి లేని కూలి తల్లికి మొదటి హక్కు ఎలాగూ లేదు, రెండోదీ దక్కలేదు. భూమికి ఉన్న తొందర చదువుకు లేదని చట్టకర్తలు అనుకున్నారని చెప్పటం అన్యాయం కావచ్చు. బహుశా అసలు కారణం ఇంతకంటే సాదా అయినదే: నీటి సంఘం చేతిలో కాలువ మరమ్మతుల పనులు, వాటి డబ్బు ఉన్నాయి, బడి కమిటీ చేతిలో చాలాకాలం పాటు సంతకం తప్ప ఏమీ లేదు. దించవలసినంత బరువు ఆ పదవికి లేదని అందరూ లోలోపల అనుకున్నారు.

ఆ బరువు హఠాత్తుగా వచ్చింది 2019లో. ఆ సంవత్సరం నవంబరు 14న ఒంగోలులో మొదలైన 'మన బడి నాడు-నేడు' కార్యక్రమం మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బెంచీలు, ప్రహరీ గోడల వంటి పనులను కాంట్రాక్టర్లకు కాకుండా తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించింది. డబ్బు కమిటీ పేరుతో ఉన్న బ్యాంకు ఖాతాలోకి వచ్చింది. మొదటి దశలో 15,715 బడుల్లో 3,600 కోట్ల రూపాయలకు పైగా ఖర్చయింది. రెండో దశను 2021 ఆగస్టు 16న అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని పి.గన్నవరంలో, అంటే నేటి కోనసీమ నడిబొడ్డున, ప్రారంభించారు. సిమెంటు బస్తాల లెక్క, ఇసుక లారీల లెక్క, మేస్త్రీ కూలి లెక్క బడి కమిటీ మినిట్స్ పుస్తకంలోకి వచ్చిన రోజున చైర్మన్ కుర్చీకి పోటీ కూడా వచ్చింది. గ్రామ రాజకీయాలు తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు. 2019 నుంచి జరిగిన ప్రతి విడతలోనూ, పార్టీ గుర్తులే లేని ఈ ఎన్నికలు చాలా ఊళ్లలో పార్టీల మధ్య పోటీగా మారాయి, కొన్నిచోట్ల ఘర్షణలతో వాయిదా కూడా పడ్డాయి. అధికారం, డబ్బు వచ్చాక ఎన్నికను పార్టీలు వదిలిపెట్టలేదు గాని, జవాబుదారీ నిబంధనలు మాత్రం డబ్బు రాని రోజుల్లో ఉన్నట్లే ఉండిపోయాయి. ఈ వ్యాసం మొత్తంలో పాఠకుడు మనసులో నిలుపుకోదగిన వైరుధ్యం ఏదైనా ఉంటే అది ఇదే.

శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ఉదంతం ఈ వైరుధ్యానికి మరో వైపు చూపుతుంది. ఆ నగర స్కూలు బోర్డులో ఏడుగురు సభ్యులు. కరోనా వల్ల 2020 మార్చిలో మూతపడిన ప్రభుత్వ బడులు పది నెలలు గడిచినా చాలామంది పిల్లలకు తెరుచుకోని సమయంలో, 2021 జనవరిలో బోర్డు అబ్రహాం లింకన్, జార్జి వాషింగ్టన్ పేర్లతో సహా 44 బడుల పేర్లు మార్చాలని తీర్మానించింది; ఆ వెంటనే, మార్కుల ఆధారంగా ప్రవేశాలు ఇచ్చే ప్రసిద్ధమైన లోవెల్ హైస్కూలులో లాటరీ పద్ధతి పెట్టాలని నిర్ణయించింది. లోవెల్‌లో ఆసియా మూలాల పిల్లలు ఎక్కువ; బోర్డు సభ్యురాలు ఆలిసన్ కాలిన్స్ 2016లో ఆసియా అమెరికన్లను కించపరుస్తూ చేసిన ట్వీట్లు అదే రోజుల్లో బయటపడ్డాయి. ఇద్దరు తల్లిదండ్రులు, అందులో ఒకరు భారతదేశం నుంచి వలస వెళ్లిన తండ్రి, సంతకాల ఉద్యమం మొదలుపెట్టారు. నగరంలోని నమోదైన ఓటర్లలో పది శాతం, అంటే ఒక్కో సభ్యుడికి 51 వేలకు పైగా సంతకాలు, అవసరం కాగా అంతకంటే చాలా ఎక్కువే వచ్చాయి. 2022 ఫిబ్రవరి 15న జరిగిన ఓటింగులో కాలిన్స్, బోర్డు అధ్యక్షురాలు గాబ్రియేలా లోపెజ్, ఫావుంగా మోలిగా, ముగ్గురూ మూడింట రెండు వంతులకు మించిన ఓట్లతో పదవి కోల్పోయారు. మిగిలిన నలుగురి జోలికి ఎవరూ వెళ్లలేకపోయారు. వారు పదవిలోకి వచ్చి నిర్ణీత కాలం గడవకపోవటమే దానికి కారణం. నీటి సంఘం చట్టంలోని ఏడాది గడువు వంటి రక్షణ కవచమే అది.

ఈ ఉదంతంలో తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసినది ఓటరు జాబితా. శాన్ ఫ్రాన్సిస్కో ప్రజలు 2016లో ఆమోదించిన ఒక ప్రతిపాదన ప్రకారం, అమెరికా పౌరసత్వం లేకపోయినా ఆ నగరంలో పిల్లలున్న తల్లిదండ్రులు స్కూలు బోర్డు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. హెచ్-1బీ వీసాపై ఉన్న తండ్రికి దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు లేదు గాని, తన బిడ్డ బడి బోర్డు సభ్యుణ్ణి దించే ఓటు ఉంటుంది. బడికి సంబంధించిన ఓటుకు అర్హత దేశపౌరసత్వం కాదు, బిడ్డ అనే ఈ సూత్రం, కోరుకొండ బడి కమిటీ ఎన్నికలో మొదటి నుంచీ ఉన్నదే.

అమెరికాలో బోర్డు సభ్యుణ్ణి దించే దారి ప్రతిచోటా రీకాల్ ఓటే కాదు. తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడిన వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో పద్ధతి వేరు. అక్కడ తల్లిదండ్రులు, గత ఎన్నికలో పోలైన ఓట్లలో పది శాతానికి సమానమైన సంతకాలు సేకరించి న్యాయస్థానంలో పిటిషను వేయాలి. సభ్యుడు విధి నిర్వహణలో విఫలమయ్యాడో లేదో తేల్చేది న్యాయస్థానం. 2021లో సంతకాల ఉద్యమాన్ని ఎదుర్కొన్న సభ్యురాలు బెత్ బార్ట్స్ విచారణ సాగుతుండగానే రాజీనామా చేశారు; మరో ఇద్దరు సభ్యులపై వేసిన పిటిషన్లను 2022లో న్యాయస్థానం కొట్టివేసింది. ఒక నిర్ణయం నచ్చకపోవటం వేరు, విధి తప్పటం వేరు అనే తేడాను ఈ రెండో పద్ధతి కాపాడుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో పద్ధతిలో ఆ తేడా లేదు. అక్కడ ఓటరుకు కారణం చెప్పవలసిన అవసరమే ఉండదు.

భారతదేశానికి రీకాల్ కొత్త కాదు. 1974లో బీహారులో జయప్రకాశ్ నారాయణ్ నడిపిన ఉద్యమం శాసనసభ్యులను వెనక్కి పిలిచే హక్కును తన కోర్కెల్లో చేర్చింది. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ పురపాలక చట్టాల్లో నేరుగా ఎన్నికైన అధ్యక్షుణ్ణి ప్రజల ఓటుతో దించే ఏర్పాటు ఉండగా, మధ్యప్రదేశ్‌లో 2001లో అనూప్‌పూర్ పురపాలక సంఘం అధ్యక్షురాలు, ఛత్తీస్‌గఢ్‌లో 2008లో మూడు పట్టణాల అధ్యక్షులు అలా పదవి కోల్పోయారు. హర్యానా 2020లో సర్పంచులకు ఈ నిబంధనను వర్తింపజేసింది. బడి కమిటీ వరకు మాత్రం ఈ చర్చ రాలేదు.

రాకపోవటానికి ఒక కారణం తల్లిదండ్రుల అసలు కోపం బడి కమిటీపైన ఎన్నడూ లేకపోవటమే. 2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు ఉత్తర్వు ప్రకారం మూడు, నాలుగు, ఐదు తరగతులను సమీపంలోని ఉన్నత పాఠశాలల్లో కలపటం మొదలైనప్పుడు, ఆ ఏడాది జూలైలో బడులు తెరవగానే రాష్ట్రమంతటా తల్లిదండ్రులు ఆందోళనకు దిగారు. కొన్ని ఊళ్లలో బడి గేట్లకు తాళాలు వేశారు, కొన్నిచోట్ల పిల్లలతో సహా రోడ్డుపై బైఠాయించారు. ఎనిమిదేళ్ల పిల్లవాడు లారీలు తిరిగే రోడ్డు దాటి మరో ఊరి బడికి నడవాలన్నది వారి భయం. ఆ నిర్ణయాన్ని ఏ బడి కమిటీ చేయలేదు, కాబట్టి ఏ కమిటీని దించినా అది రద్దు కాదు. చివరకు ప్రభుత్వం మారాక, 2025 మేలో, ఆ ఉత్తర్వు స్థానంలో కొత్త ఉత్తర్వులు వచ్చాయి. తల్లిదండ్రులు తాళంకప్పను ఆశ్రయించింది ఓటుపై నమ్మకం లేక కాదు. వారి కోపానికి సరిపోయే ఓటు శాసనసభ ఎన్నిక దాకా లేదు. ఉపాధ్యాయుల బదిలీలు రాష్ట్రస్థాయి కౌన్సెలింగులో, పాఠ్యపుస్తకాలు రాష్ట్ర విద్యా పరిశోధన సంస్థలో, భోజనం మెనూ ప్రభుత్వ ఉత్తర్వులో తేలుతున్నంత కాలం, బడి కమిటీ రీకాల్ వాటిని తాకలేదు.

అయినా కమిటీ చేతిలో మిగిలినవి తక్కువేమీ కాదు. 2024 నుంచి డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న మధ్యాహ్న భోజనం వండే చోటు, బియ్యం నాణ్యత, గుడ్ల లెక్క కమిటీ కళ్ల ముందే ఉంటాయి. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారికి లేదనకుండా పెట్టిన ఇల్లాలి పేరు పెట్టిన పథకంలో పప్పు నీళ్లగా ఉంటే, మొదట గమనించవలసింది సచివాలయం కాదు, ఆ బడి కమిటీ సభ్యురాలు. మరుగుదొడ్డి శుభ్రత, తాగునీటి ట్యాంకు, గ్రాంటు వినియోగం, ఉపాధ్యాయుల హాజరు కూడా అంతే. ఇవి ఏ తల్లిదండ్రులకైనా బిడ్డ ఆరోగ్యంతో నేరుగా ముడిపడిన విషయాలు.

ప్రస్తుతం కమిటీ నిద్రపోతే తల్లిదండ్రులకు ఉన్న దారులు కొన్ని ఉన్నాయి, అవి తెలిసినవారు తక్కువ. సమాచార హక్కు చట్టం కింద కమిటీ మినిట్స్, బ్యాంకు ఖాతా వివరాలు అడగవచ్చు. విద్యాహక్కు చట్టం 32వ సెక్షను ప్రకారం బాలల విద్యాహక్కుకు సంబంధించిన ఏ ఫిర్యాదునైనా స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. ఆ సంస్థ రెండు పక్షాల వాదన విని మూడు నెలల్లో తేల్చాలి. సంతృప్తి లేకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషనుకు అప్పీలు చేయవచ్చు. సంవత్సరానికి కనీసం రెండుసార్లు జరగవలసిన గ్రామసభలో బడి లెక్కలు అడగవచ్చు. 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జూలై 10న రాష్ట్రమంతటా ఒకే రోజున జరిపిన మెగా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు జనాన్ని బడి ఆవరణలోకి తెచ్చాయి. అయితే పండుగలా సాగే సమావేశంలో ఎవరూ లెక్కల పుస్తకం తెరవమని అడగరు, అడిగినా ఆ రోజు ఉద్దేశం అది కాదని సర్ది చెప్పటం తేలిక.

బడి కమిటీకి రీకాల్ నిబంధన చేర్చాలంటే నీటి సంఘం చట్టాన్ని యథాతథంగా దించుకోవటం కుదరదు. మొదటి చిక్కు కాలానిది. గడువు రెండేళ్లు, తొలి ఏడాది రక్షణ అంటే రీకాల్‌కు మిగిలేది పన్నెండు నెలలు. అందులో వేసవి సెలవులు, పరీక్షలు పోతే, నోటీసు ఇచ్చి, సమావేశం పిలిచి, ఖాళీ నింపేసరికి గడువే ముగుస్తుంది. రక్షణ కాలాన్ని ఆరు నెలలకు తగ్గిస్తే తప్ప ఆ హక్కు కాగితం దాటదు. రెండో చిక్కు సంఖ్యది. సభ్యుణ్ణి ఎన్నుకున్నది తరగతి తల్లిదండ్రులు కాబట్టి దించే అధికారం కూడా ఆ తరగతికే ఉండాలి. ఇరవై మంది పిల్లలున్న తరగతిలో బిడ్డకు ఒక సంతకం చొప్పున మూడో వంతు అంటే ఏడు సంతకాలు. ఒక వీధిలో, ఒకే సామాజిక వర్గంలో, ఒకే పార్టీ కార్యకర్తల ఇళ్లలో ఏడు సంతకాలు సేకరించటం సాయంత్రపు పని. పంచాయతీల్లో, మండల పరిషత్తుల్లో అవిశ్వాస తీర్మానాలు తరచుగా మహిళలపైన, దళిత అధ్యక్షులపైన గురిపెట్టబడటం దేశమంతటా పరిశోధకులు గమనించిన విషయం. బడి కమిటీ చైర్మన్ పదవి నిబంధన వల్ల పేద తల్లికి దక్కిన చోట, ఊరి పెద్దమనిషి ఆమెను దించటానికి ఏడు సంతకాల దారి దొరికితే దాన్ని వాడుకోడని చెప్పలేం. అందుకే సంతకాలు సగానికి తగ్గకూడదు, ఓటు రహస్యంగా ఉండాలి, దించవలసిన కారణం, వరుసగా సమావేశాలకు రాకపోవటం, లెక్కలు చూపకపోవటం వంటిది, నోటీసులో రాసి ఉండాలి. లౌడన్ పద్ధతిలోని కారణం, నీటి సంఘం పద్ధతిలోని సర్వసభ్య సమావేశం కలిస్తే గోదావరి పల్లెకు సరిపోయే నిబంధన తయారవుతుంది.

ఓటరు జాబితా విషయంలో మాత్రం ఏ చిక్కూ లేదు. బడి అడ్మిషను రిజిస్టరే ఓటరు జాబితా. ఏ బిడ్డ ఏ తరగతిలో ఉన్నదో, తల్లిదండ్రులెవరో అందులో ఉంది, ప్రతి జూన్‌లో అది కొత్తగా సరిచేయబడుతుంది. 2024 ఆగస్టు 8న ఎన్నికైన కమిటీల రెండేళ్ల గడువు 2026 ఆగస్టుతో తీరుతుంది. అప్పటికి రీకాల్ నిబంధన రాకపోయినా, ఎన్నిక ఆ నెల దాటకుండా జరిగితే, 2021 కమిటీకి దక్కిన అదనపు ఏడాది ఈసారి ఎవరికీ దక్కదు.